ఎండలోంచి ఏసీలోకి, ఏసీలోంచి ఎండలోకి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే: ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినప్పుడు ఒంటికి ఎందుకలా అవుతుంది, ఏం చేయాలి? ఒకే రకం ప్రశ్నలను కలిపి, కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మధ్యాహ్నం ఎండలో బస్టాపు నుంచి నడిచొచ్చి ఆఫీసులో అడుగుపెట్టగానే ప్రాణం లేచొస్తుంది. అరగంట తిరక్కుండానే చలి మొదలు. ఏసీ 23 దగ్గరే ఉంది, ఎవరూ మార్చలేదు. పక్క సీట్లో మగవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. లోపం నాలోనా, ఏసీలోనా?
– ఐటీ ఉద్యోగిని, గచ్చిబౌలి

జవాబు: గది మారలేదు, మీ ఒళ్లు మారింది. ఇందులో లోపమేమీ లేదు.

చర్మంలో చలిని పసిగట్టే నాడుల కొసలు వేరు, వేడిని పసిగట్టేవి వేరు. చలివి సంఖ్యలో బాగా ఎక్కువ. పైగా చర్మం పైభాగానికి చాలా దగ్గరగా, మిల్లీమీటరులో ఐదో వంతు లోతు లోపే ఉంటాయి. వేడివి ఇంకాస్త లోపల. ఈ కొసలకు గాలి ఎన్ని డిగ్రీలుందన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా మారుతోందన్నది మరీ ముఖ్యం. ఎండలో 35, 36 డిగ్రీలకు చేరిన చర్మానికి 23 డిగ్రీల గాలి తగలగానే చలి నాడులు ఒక్కపెట్టున సంకేతాలు పంపుతాయి. చర్మం ఉష్ణోగ్రత ఒకచోట నిలబడ్డాక ఆ జోరు తగ్గుతుంది. పరిశోధకుడు రిచర్డ్ డి డియర్ బృందం 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే. వేడి నుంచి చలికి వెళ్లినప్పుడు మొదటి క్షణాల్లో అనిపించే చల్లదనం, అదే గదిలో కాసేపు కూర్చున్నాక అనిపించేదానికంటే బాగా ఎక్కువ. చలి నుంచి వేడికి వెళ్లినప్పుడు మాత్రం మొదట్లో ఎంత అనిపిస్తుందో తర్వాతా దాదాపు అంతే.

మరి అంత చల్లదనం మొదట్లో హాయిగా ఎందుకుంటుంది? అప్పటికి మీ ఒంట్లో అదనపు వేడి పోగుపడి ఉంది కాబట్టి. ఒంటికి ఏ మార్పు కావాలో ఆ మార్పు వస్తే మెదడు దాన్ని సుఖంగా లెక్కేస్తుంది. అవసరం తీరాక కూడా అదే సాగితే కష్టంగా లెక్కేస్తుంది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త మిషెల్ కబనాక్ 1971లో ఈ సంగతి వివరంగా రాశారు. పదిహేను ఇరవై నిమిషాల్లో మీ అదనపు వేడి కరిగిపోతుంది. అక్కడితో హాయి కూడా అయిపోతుంది.

ఆ తర్వాత చలి పుట్టడానికి అసలు కారణం బట్టలు. బ్యాగు తగిలిన చోట వీపు, చంకలు, నడుం దగ్గర బట్ట తడిసి ఉంటుంది. లెక్క వేద్దాం. ఒక లీటరు చెమట ఆరడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. మీ బట్టల్లో 100 మిల్లీలీటర్ల చెమట ఉందనుకుంటే, అది ఏసీ గాలికి అరగంటలో ఆరాలంటే 240 కిలోజౌళ్లు, అంటే ఆ అరగంటా దాదాపు 130 వాట్లు. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు పుట్టించే వేడి 100 వాట్ల చిల్లర. ఆరడానికి కావలసిన వేడిలో కొంత గాలి నుంచి వస్తుంది, నిజమే. మిగతాది మీ వీపే ఇవ్వాలి.

ఇక పక్క సీటు సంగతి. ఆఫీసు ఏసీల లెక్కలకు చాలాకాలంగా ఆధారం డెన్మార్క్ ఇంజనీరు ఫాంగర్ 1970లో ఇచ్చిన సూత్రం. గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడల వేడి, గాలి వేగం, తేమ, బట్టలు, చేసే పని – ఈ ఆరూ అందులో ఉంటాయి. కూర్చుని పనిచేసే మనిషి ఎంత వేడి పుట్టిస్తాడన్న అంకె మాత్రం సగటు మగవాణ్ణి చూసి వేసింది. ఆ అంకె ఆడవాళ్ల విషయంలో 35 శాతం దాకా ఎక్కువ చూపిస్తోందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చెప్పారు. కాబట్టి మీది సున్నితం అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

చేయాల్సింది: లోపలికి రాగానే సీటుకి వెళ్లొద్దు. లాబీలోనో మెట్ల దగ్గరో ఐదు నిమిషాలు ఆగి, మెడ, వీపు, చేతులు పొడి తువ్వాలుతో తుడుచుకోండి. డ్రాయరులో ఒక పొడి కుర్తా ఉంచుకుని మార్చుకోవడం శాలువా కంటే మేలు. తడి బట్టల మీద శాలువా కప్పితే తడి అలాగే ఉంటుంది. ఏసీ గాలి సూటిగా మెడ మీద పడుతుంటే దాన్ని పక్కకు మళ్లించే ప్లాస్టిక్ రేకు బిగించమని ఫెసిలిటీస్ వాళ్లని అడగండి, చిన్న పని. వచ్చీరాగానే రిమోట్ పట్టుకునే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఎండన పడి వచ్చిన మనిషి మొదటి పావుగంటలో కోరుకునే అంకె గదిలో మిగిలినవాళ్లకు ఎప్పుడూ నప్పదు. చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల్లో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి బృందం చేసిన సర్వేలో ఏసీ ఉన్నచోట కూడా జనానికి నప్పిన సగటు ఉష్ణోగ్రత 26.4 డిగ్రీలు. మీ ఆఫీసు 23 అందుకు చాలా దూరం.

ప్రశ్న: మెడికల్ రెప్‌ని. రోజుకు పది పన్నెండు క్లినిక్కులు తిరగాలి. ప్రతిచోటా చల్లటి వెయిటింగ్ హాలు, బయటికొస్తే 42 డిగ్రీలు. సాయంత్రానికి తలపోటు, నిస్సత్తువ. ఇలా చల్లనికీ వేడికీ మారడం వల్ల వడదెబ్బ తగులుతుందా?
– గుంటూరు

జవాబు: మార్పు ఒక్కటే వడదెబ్బ తెప్పించదు. ఒంట్లో చేరే వేడి, బయటికి పోయే వేడి కంటే చాలాసేపు ఎక్కువగా ఉంటే వడదెబ్బ. ఆ లెక్కన మధ్యలో పది నిమిషాలు చల్లగా కూర్చోవడం మీకు మేలే చేస్తోంది.

తలపోటుకు కారణాలు వేరే ఉంటాయి. ఒకటి నీళ్లు. చల్లటి గదిలోకి రాగానే దాహం తగ్గినట్టు అనిపిస్తుంది, కానీ పోయిన నీరు పోయినట్టే ఉంటుంది. దానికి తోడు ప్రతిచోటా కాఫీ, టీ తప్ప నీళ్లు తాగరు. రెండు, నీడలోంచి ఒక్కసారిగా తెల్లటి ఎండ కళ్లలో పడడం. మూడు, రక్తపోటు. చల్లటి హాల్లో చర్మపు రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి. బయటి వేడికి అవి విప్పారతాయి, రక్తం కాళ్లవైపూ చర్మంవైపూ మళ్లుతుంది. చాలాసేపు కూర్చుని చటుక్కున లేచి ఎండలోకి నడిస్తే కళ్లు బైర్లు కమ్మేది అందుకే. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడేవారికి ఇది ఎక్కువ. కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు చెమట పట్టడాన్నే తగ్గిస్తాయి.

ప్రతి క్లినిక్కులోనూ బయల్దేరే ముందు ఒక గ్లాసు నీళ్లు, 200 మిల్లీలీటర్లు. చొక్కా మీద ఉప్పు చారలు కనిపించేంత చెమట పడితే రోజుకొక ఓఆర్ఎస్ ప్యాకెట్టు, దాని మీద రాసినట్టు సరిగ్గా ఒక లీటరు నీళ్లలో. సగం నీళ్లలో కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది, కడుపు కూడా చెడుతుంది. బయటికి వచ్చేటప్పుడు పోర్టికో నీడలో రెండు మూడు నిమిషాలు నిలబడి, చలువ కళ్లద్దాలు పెట్టుకుని అప్పుడు బండి తీయండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఒళ్లు కాలిపోతుండడం కనిపిస్తే అది మామూలు అలసట కాదు. మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి చేర్చడం తర్వాత. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: బయట నిలిపిన కారు మధ్యాహ్నం ఎక్కితే కొలిమే. ఏసీ ఫుల్లుగా పెడితే మొహం గడ్డకడుతుంది, వీపు చెమట ఆరదు. దిగగానే తల తిరుగుతుంది. పద్ధతేమైనా ఉందా?
– విజయవాడ

జవాబు: ఉంది, వరసగా చేయాలి.

అద్దాలు మూసి ఎండలో ఉంచిన కారు లోపల గాలి మొదటి అరగంటలోనే దాదాపు పైకెక్కాల్సినంతా ఎక్కేస్తుంది. బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ కావడం మామూలే. డాష్‌బోర్డు 70 దాటుతుంది. అంత వేడి గాలిని ఏసీతో చల్లబరచడం దండగ, ముందు దాన్ని బయటికి తోలాలి. నాలుగు తలుపులూ తీసి ఒక నిమిషం ఉంచండి. అద్దాలు దించే, ఫ్యాను ఫుల్లుగా, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ మీద ఒకటి రెండు నిమిషాలు నడపండి. లోపలి వేడి బయటి వేడితో సమానమయ్యాక అద్దాలెత్తి రీసర్క్యులేషన్ నొక్కండి. చాలామంది ఈ బటన్‌ని మొదటే నొక్కుతారు. అప్పుడు 60 డిగ్రీల గాలినే ఏసీ మళ్లీమళ్లీ తిప్పుకుంటుంది.

మొహం గడ్డకట్టి వీపు తడవడానికి కారణం రెండు చోట్ల ఉంది. చలిని పసిగట్టడంలో ఒళ్లంతటిలోనూ మొహమే చురుకు. ఏసీ రెక్కలు మొహానికి గురిపెడితే, ఒంట్లో వేడి ఉండగానే మెదడుకి చలి అని కబురు వెళుతుంది. మీరు ఫ్యాను తగ్గిస్తారు, వీపు అలాగే ఉడుకుతుంది. రెండోది సీటు, డాష్‌బోర్డు. గాలి 24కి దిగినా అవి ఇంకో పది పదిహేను నిమిషాలు వేడిని చిమ్ముతూనే ఉంటాయి, సీటు కానుకున్న వీపుకి గాలే తగలదు. రెక్కల్ని పైకప్పు వైపు తిప్పండి, చల్లగాలి పైనుంచి వెనక సీటుదాకా పరుచుకుంటుంది. రెగ్జిను సీటయితే నూలు కవరు లేదా చెక్కపూసల చాప వేయండి. కారు దిగేటప్పుడే ముందద్దానికి లోపలివైపు సన్‌షేడ్ పెడితే డాష్‌బోర్డు వేడి బాగా తగ్గుతుంది.

తల తిరగకుండా ఉండాలంటే చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి ఫ్యాను మాత్రం ఉంచండి. లోపల నెమ్మదిగా వేడెక్కుతుంది, మీ ఒళ్లు సర్దుకుంటుంది. ఏసీ కాయిల్ మీద తడి కూడా ఆరిపోయి, మర్నాడు ముక్కిన వాసన రాదు. దూర ప్రయాణంలో రీసర్క్యులేషన్ గంటల తరబడి ఉంచితే కునుకు పడుతుంది, అరగంటకోసారి కాసేపు బయటి గాలి రానివ్వండి. ఆగిన కారులో ఇంజను నడుపుతూ అద్దాలెత్తి నిద్రపోవడం, పిల్లల్ని "రెండు నిమిషాలే" అని లోపల వదలడం – ఈ రెండింటికీ ప్రాణాలు పోయాయి.

ప్రశ్న: రాత్రి ఏసీ 20లో పెట్టి పడుకుంటాం. మూడింటికి చలి, మావారు లేచి ఆపేస్తారు. నాలుగున్నరకి ఉక్కపోత, నేను లేచి వేస్తాను. ఈ కాపలాకి అంతు లేదా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీ గోడల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పగలంతా కాగిన స్లాబు, పడమటి గోడ రాత్రి పదింటికి కూడా వేడిని చిమ్ముతుంటాయి. ఆ వేడికి విరుగుడుగా మీరు 20 పెడతారు, అప్పటికి అది సరిపోయినట్టే ఉంటుంది. మూడింటికల్లా గోడలు చల్లబడతాయి. అదే సమయంలో మీ ఒంటి లోపలి వేడి రోజు మొత్తంలో కనిష్ఠానికి దిగుతూ ఉంటుంది, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య అది అట్టడుగున ఉంటుంది. నిద్రలో ఒంట్లో వేడి పుట్టడమూ తక్కువే. అంకె 20 లోనే ఉన్నా మీకు అది రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు లెక్క.

ఏసీ ఆపగానే ఇంకో తంతు. కాయిల్ మీద నిలిచిన నీరు తిరిగి గదిలోకే ఆవిరవుతుంది. మూసిన గదిలో ఇద్దరి ఊపిరి తేమ, చెమట తోడవుతాయి. గోదావరి పక్కన ఊరు, బయటి గాలిలో తేమకీ కొదవలేదు. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలే పెరిగినా తేమతో కలిసి ఉక్కపోస్తుంది, మెలకువ వస్తుంది.

ఇలా చేసి చూడండి. పడుకోవడానికి గంట ముందు 24లో వేసి గోడలకు చల్లబడే వ్యవధి ఇవ్వండి. పడుకునేటప్పుడు 26కి మార్చి సీలింగ్ ఫ్యాను మూడో నంబరులో పెట్టండి. సెకనుకు ముప్పావు మీటరు, మీటరు వేగంతో గాలి ఆడితే రెండున్నర, మూడు డిగ్రీలు తగ్గినంత హాయి. ఆపైన రిమోట్‌లో స్లీప్ మోడ్ నొక్కండి. చాలా ఏసీల్లో అది గంటకొక డిగ్రీ చొప్పున రెండు గంటలు పెంచి అక్కడ నిలుపుతుంది. మూడింటికి ఆగిపోయేలా టైమర్ పెట్టడం కంటే 28లో నడవనివ్వడమే మేలు. ఏసీ రెక్కని అడ్డంగా, పైకి ఉంచండి, ఛాతీ మీద పడేలా వద్దు.

16 పెడితే తొందరగా చల్లబడుతుందనేది భ్రమ. మామూలు ఏసీ కంప్రెసర్‌కి తిరగడం, ఆగడం రెండే తెలుసు. 16లో పెట్టినా 24లో పెట్టినా అది తిరిగే జోరు ఒకటే, ఆగే సమయం వేరు. ఇన్వర్టర్ ఏసీ అయితే గది కోరిన అంకెకు దగ్గరయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, అందుకే దాని కింద హెచ్చుతగ్గులు తక్కువ. పదడుగుల గదికి ఒకటిన్నర టన్ను ఏసీ బిగిస్తే ఇంకో తలనొప్పి. గాలిని చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగడానికి చాలినంత సేపు తిరగదు. చల్లగా, జిగటగా ఉంటుంది. రెండు వారాలకోసారి ఫిల్టరు కడగండి.

2020 జనవరి 1 నుంచి మన దేశంలో కొత్త గది ఏసీలన్నీ వేయగానే 24లో మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, ఏసీ లేకుండా ఫ్యాన్ల కింద ఉండేవాళ్లని మాధవి ఇంద్రగంటి సర్వే చేస్తే వాళ్లకు నప్పింది 29 డిగ్రీల చిల్లర. 26 అంటే అంత భయపడాల్సిన అంకె కాదు.

ప్రశ్న: ఎండన పడి వచ్చి ఫ్రిజ్ నీళ్లు తాగితే, ఏసీలో కూర్చుంటే జలుబు చేస్తుందని అమ్మ అంటుంది. వైరస్ లేనిదే జలుబు రాదని మేమంటాం. ఎవరు కరెక్టు?
– ఇంటర్ విద్యార్థులు, వరంగల్

జవాబు: వైరస్ లేనిదే జలుబు రాదు, అంతవరకు మీ మాటే. అయితే అమ్మ మాటలో కొంత పస ఉంది. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 90 మందిని 20 నిమిషాలు చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోమన్నారు, మరో 90 మందిని ఖాళీ గిన్నెలో పెట్టమన్నారు. నాలుగైదు రోజుల్లో మొదటి జట్టులో 13 మంది, రెండో జట్టులో ఐదుగురు జలుబు చేసిందన్నారు. అది నిజంగా వైరస్సేనా అని పరీక్షించలేదు. జలుబు తెచ్చే రైనోవైరస్‌లు చాలావరకు 37 డిగ్రీల కంటే 33 డిగ్రీల దగ్గర, అంటే చల్లబడిన ముక్కులో బాగా పెరుగుతాయన్నదీ తెలిసిన సంగతే.

ఇంకోటుంది. ఏసీ గదిలో అడుగు పెట్టగానే వరసగా తుమ్ములు, ముక్కు నీరు కారడం, అరగంటలో అంతా మామూలు. జ్వరం, గొంతునొప్పి ఉండవు. అది జలుబు కాదు, గాలి మార్పుకి ముక్కు లోపలి నాడులు అతిగా స్పందించడం. ముక్కుకి కాసేపు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే గాలి వెచ్చబడి లోపలికి వెళుతుంది, చాలామందికి అంతటితో సరి. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చల్లనీళ్లు గటగటా తాగితే నుదుటి దగ్గర పొడిచినట్టు నొప్పి రావచ్చు, మైగ్రెయిన్ ఉన్నవాళ్లకి మరీను. గుక్కగుక్కగా తాగితే ఏమీ కాదు. కుండనీళ్లయితే అమ్మతో పేచీ కూడా ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, బీపీ ఉంది. చలికాలం కూడా తెల్లవారుజామున ఐదింటికే తలస్నానం చేస్తారు. నీళ్లు పొగలు కక్కాలి. రెండుసార్లు బాత్‌రూములో కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. స్నానం మానమంటే వినరు.
– ఆదిలాబాద్

జవాబు: మానమనొద్దు, క్రమం మార్చమనండి. ఇక్కడ ప్రమాదం నీళ్ల వేడి ఒక్కదానిలో లేదు. వెచ్చటి పక్క, చలి గది, సలసల నీళ్లు, మళ్లీ చలి: పావుగంటలో మూడు మార్పులు. చలికి బట్టలు విప్పగానే రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది. వేడినీళ్లు పడగానే నాళాలు విప్పారి బీపీ దిగజారుతుంది. పెద్దవయసులో నాళాలు ఈ ఎగుడుదిగుళ్లను వెంటనే సర్దుకోలేవు. జపాన్‌లో చలికాలపు స్నానాల దగ్గర వృద్ధులు చనిపోవడం ఎంత ఎక్కువంటే, నీళ్లు 41 డిగ్రీలు మించకూడదని, తొట్టిలో పది నిమిషాలు దాటి ఉండొద్దని, బట్టలు మార్చుకునే గదిని ముందే వెచ్చబరచాలని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది.

మన బకెట్ స్నానంలో తొట్టిలో మునగడం లేదు కాబట్టి కొంత నయం. వీలైతే పొద్దెక్కాక చేయమనండి. ఐదింటికే అంటే, ముందు రెండు చెంబుల వేడినీళ్లు బాత్‌రూము నేల మీదా గోడల మీదా పోసి, తలుపు మూసి రెండు నిమిషాలు ఉంచండి. ఆవిరికి గది వెచ్చబడుతుంది. బట్టలు లోపలికి వెళ్లాకే విప్పాలి. జారని స్టూలు మీద కూర్చుని చేయాలి. నీళ్లు 40 డిగ్రీలు, అంటే మోచేయి ముంచితే వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. మొదటి చెంబు పాదాల మీద, తర్వాత మోకాళ్లు, చేతులు, భుజాలు, చివరికి తల. ఒళ్లు, తల లోపలే పూర్తిగా తుడుచుకుని, బట్టలు వేసుకుని, ఒక నిమిషం కూర్చుని లేవాలి. తలుపు గడియ వేయొద్దు.

గ్యాస్ గీజరు ఉంటే దాన్ని బాత్‌రూము బయటికి మార్పించండి. చలికి తలుపు, కిటికీ బిగించిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. కళ్లు తిరగడానికి కారణం అదే కూడా కావచ్చు, ఈ ఒక్క పని ఇవాళే చేయండి. బీపీ మాత్ర ఏ వేళ వేసుకుంటున్నారో, కళ్లు తిరిగిన సంగతీ డాక్టరుకి చెప్పండి.

కార్తీకస్నానాలకు నదికి వెళ్లే పెద్దవాళ్లకీ ఇదే వరస. చన్నీళ్లలో ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఎగదన్నుతుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరు పీల్చేస్తారు. మెట్టుమీద కూర్చుని కాళ్లు, చేతులు, మొహం తడుపుకుని, ఊపిరి కుదుటపడ్డాక మునగాలి.

ప్రశ్న: మూడు వారాల పాప. తలంటాక ఏసీ గదిలో పడుకోబెట్టొచ్చా? అత్తయ్యగారు సాంబ్రాణి పొగ వేయాల్సిందే అంటారు.
– తెనాలి

జవాబు: పడుకోబెట్టొచ్చు, వెంటనే మాత్రం కాదు. పసిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, వేడి తొందరగా పోతుంది. పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోలేరు, భుజాల మధ్యా మెడ దగ్గరా ఉండే ఒక రకం కొవ్వును కరిగించుకుని నెట్టుకొస్తారు. తడి తలతో ఏసీ గాలి తగిలితే ఆ కొవ్వు ఖర్చవుతుంది, బరువు పెరగాల్సిన శక్తి చలికి పోతుంది.

ఫ్యాను, ఏసీ ఆపిన గదిలో 37, 38 డిగ్రీల నీళ్లతో ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. ముందు తల తుడవాలి, ఎక్కువ వేడి పోయేది అక్కడినుంచే. పొడి బట్టలో చుట్టి, అమ్మ ఒంటికి ఆనించి అరగంట ఉంచాక, 26, 27లో ఉన్న గదిలో గాలి సూటిగా తగలనిచోట పడుకోబెట్టండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి మొదలవుతోందని గుర్తు, ఇంకో బట్ట కప్పండి. మెడ వెనక చెమట పడితే ఒక బట్ట తీసేయండి. సాంబ్రాణి పొగ పాప ఊపిరితిత్తులకు మంచిది కాదు. అత్తయ్యగారి మాట కాదనలేకపోతే పాప లేని గదిలో, దేవుడి దగ్గర వేయండి.

ప్రశ్న: జగిత్యాల నుంచి మొదటిసారి ఖతర్ వెళుతున్నాను, బిల్డింగు సైటులో పని. రాత్రి ఏసీ క్యాంపులో నిద్ర. ఏసీలో పడుకుంటే ఎండ అలవాటు పడదంటున్నారు.

జవాబు: అది తప్పు. ఎండకు ఒళ్లు అలవాటు పడేది వేడిలో పనిచేసే గంటల్లో. రాత్రి చల్లగా నిద్రపోతే ఆ అలవాటు చెడదు, పైగా ఒళ్లు కోలుకుంటుంది. మొదటి వారమే గండం. చెమట తొందరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, గుండె వేగం అదుపులోకి రావడం – వీటికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. కొత్తవాళ్లు మొదటిరోజు మామూలు పనిలో 20 శాతమే వేడిలో చేసి, రోజుకి మరో 20 శాతానికి మించకుండా పెంచుకోవాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పుకోండి. పనిలో ఉన్నంతసేపు 15, 20 నిమిషాలకొక గ్లాసు నీళ్లు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయటి ఎండలో పని నిషేధం, అది 2021 నుంచి చట్టం. సెలవుకి ఊరొచ్చి నెల తర్వాత వెళితే అలవాటు చాలావరకు పోయి ఉంటుంది, మళ్లీ కొత్తవాడిలాగే మొదలుపెట్టాలి.

ప్రశ్న: పాత ఇంటి వసారా తీసేసి హాలు పెద్దది చేద్దామని ఇంజనీరు అంటున్నారు. హాల్లో ఏసీ. తలుపు తీస్తే సూటిగా రోడ్డే. మంచిదేనా?
– నంద్యాల

జవాబు: వసారా ఉంచండి. మనిషి కూర్చున్న గదిలో ఉష్ణోగ్రత పావుగంటలో 1.1 డిగ్రీ, గంటలో 2.2 డిగ్రీల కంటే ఎక్కువ మారకూడదని అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే వారి 55వ నంబరు ప్రమాణం. మీ గుమ్మంలో ఒక్క అడుగుకే 15 డిగ్రీలు మారుతుంది. వసారాలో గాలి వేడి బయటిలాగే ఉన్నా, నెత్తిన ఎండ ఉండదు, కాగిన రోడ్డు వేడి ఒంటిని తాకదు, ఒక ఫ్యాను ఉంటే చెమట ఆరుతుంది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగే ఐదు నిమిషాల్లో ఒళ్లు సగం సర్దుకుంటుంది. పైగా హాలు గోడ మీద ఎండ పడదు, తలుపు తీసిన ప్రతిసారీ వేడిగాలి తోసుకురాదు, ఏసీ బిల్లులో ఆ తేడా కనిపిస్తుంది. స్థలం చాలదనుకుంటే నాలుగడుగుల వెడల్పయినా మిగల్చండి.

ప్రశ్న: ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు, ఫోను కెమెరా మసకబారతాయి. ఫోను పాడవుతుందా?
– విశాఖపట్నం

జవాబు: బయట 34 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే ఆ గాలిలోని ఆవిరి 26.5 డిగ్రీల దగ్గర నీరవుతుంది. అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా మంచు పట్టినట్టు పడుతుంది, 22లో ఉన్న మీ అద్దాలకు తప్పదు. కారులో చివరి ఐదు నిమిషాలు ఏసీ ఆపితే సగం సమస్య తీరుతుంది. లెన్సు బయట పట్టిన మసక ఫోనుకేమీ చేయదు, చొక్కా అంచుతో రుద్దకుండా రెండు మూడు నిమిషాలు వదిలేయండి, దానంతటదే పోతుంది. పెద్ద కెమెరా అయితే చల్లటి చోటే జిప్ కవరులో పెట్టి మూసి, బయటికి తెచ్చాక అరగంట ఆగి తీయండి, తేమ కవరు మీద పడుతుంది. లెన్సు లోపలివైపు మసక కనిపిస్తే మాత్రం ఛార్జింగు పెట్టకుండా సర్వీసు సెంటరుకి ఇవ్వండి.